అడవితోటను నరికి ఆయిల్ పామ్ వేసే రైతు లెక్క ఏమిటి?

ఇండోనేసియాలోని సుమత్రా దీవి నడిబొడ్డున జాంబి అనే రాష్ట్రం ఉంది. నలభై ఏళ్ల కిందట అక్కడి చిన్న రైతుల తోటలను పైనుంచి చూస్తే అడవి ఏదో, తోట ఏదో తేల్చుకోవడం కష్టమయ్యేది. రబ్బరు చెట్ల నడుమ దురియన్ పండ్ల చెట్లు, పేము తీగలు, కలప చెట్లు, ఎవరూ నాటని పొదలు కలగలిసి పెరిగేవి. ఇప్పుడు ఆ నేలలో చాలా భాగాన్ని ఆయిల్ పామ్ సాళ్లు, ఒకే వయసు రబ్బరు చెట్ల వరసలు ఆక్రమించాయి. ఈ మార్పులో పెద్ద కంపెనీల పాత్ర గురించి లోకమంతా మాట్లాడుకుంది. చర్చకు అంతగా రానిది చిన్న రైతు పాత్ర. ఇండోనేసియా ఆయిల్ పామ్ విస్తీర్ణంలో దాదాపు 40 శాతం చిన్న రైతుల చేతుల్లోనే ఉంది. వాళ్లలో ఎందరో తాతలు పెంచిన తోటను తామే నరికి ఈ పంట వేశారు.

ఎందుకు నరికారు? డబ్బు మీద ఆశతో అనేది ఒక జవాబు. ప్రభుత్వమూ కంపెనీలూ మభ్యపెట్టడం వల్ల అనేది మరో జవాబు. రెంటిలోనూ కొంత నిజం ఉంది. కానీ రెండూ రైతును తక్కువ అంచనా వేస్తాయి. ఒకటి అతనికి విలువలు లేవంటుంది, మరొకటి తెలివి లేదంటుంది. అతను వేసుకున్న లెక్కను అతని వైపు నుంచి చూస్తే తప్ప ఈ మార్పు అర్థం కాదని నా నమ్మకం.

ఆ లెక్క మనకు దూరపుదేమీ కాదు. ప్రపంచంలో పామాయిల్‌ను అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది భారతదేశమే. మన మిఠాయి దుకాణాల మూకుళ్లలో కాగేది, బిస్కెట్లలో కలిసేది ఎక్కువగా ఇండోనేసియా, మలేసియాల నుంచి వచ్చిన నూనే. పైగా ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు ఇదే పంటను రైతుకు చూపిస్తున్నాయి.

అడవితోట ఎలా పుట్టింది

చెట్లనూ పంటలనూ ఒకే చెలకలో కలిపి పెంచడాన్ని వ్యవసాయ అడవుల పద్ధతి అంటారు. అందులో పాతకాలపుది, అడవిలాగే గుబురుగా అంతస్తులుగా పెరిగేది అడవితోట. వాణిజ్య తోట తీరు వేరు. ఒకే పంట, ఒకే వయసు, కొలిచి వేసిన సాళ్లు, కొన్న మొక్కలు, కొన్న ఎరువు. అందులో కలిసిరానిదంతా కలుపే.

అయితే అడవితోటకు మార్కెట్టుతో సంబంధం లేదనుకుంటే పొరపాటు. జాంబి రబ్బరు తోటలు పుట్టిందే ప్రపంచ మార్కెట్టు కోసం. రబ్బరు చెట్టు సొంత నేల అమెజాన్. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు బ్రెజిల్ నుంచి లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి విత్తనాలు తరలించాడు. అక్కడ మొలిచిన మొక్కలు సిలోన్‌కూ సింగపూర్‌కూ చేరాయి. 20వ శతాబ్దం మొదట్లో సుమత్రా పల్లెలకు రబ్బరు గింజలు పాకాయి.

ఆ పల్లెల రైతులు అప్పటికి పోడు చేసేవాళ్లు. అడవిలో కొంత భాగం కొట్టి, కాల్చి, ఒకటి రెండేళ్లు వరి పండించి, ఆ చెలకను వదిలేసి మరో చోటికి వెళ్లేవాళ్లు. రబ్బరు ఈ పద్ధతిలో సులువుగా ఇమిడిపోయింది. వరితోపాటు రబ్బరు నాటితే చాలు, వదిలేసిన చెలకలో అడవి తిరిగి లేచేటప్పుడు దానితోపాటే రబ్బరూ లేచేది. ఎనిమిది పదేళ్ల తర్వాత బాట చేసుకుని వెళ్లి, చెట్లకు గాట్లు పెట్టి పాలు పట్టేవాళ్లు. కలుపు తీసే పని లేదు, ఎరువు ఖర్చు లేదు. 1922లో బ్రిటిష్ ప్రభుత్వం తన వలస రాజ్యాల్లో రబ్బరు ఉత్పత్తిని కట్టడి చేసి ధర పెంచాలని చూసింది. డచ్చి పాలనలోని ఇండోనేసియా ఆ కట్టడిలో చేరలేదు. పెరిగిన ధర సుమత్రా పల్లె రైతుకు కలిసొచ్చింది, తోటలు విస్తరించాయి. 1990ల తొలి రోజుల్లో సుమత్రా, కాలిమంతన్ (బోర్నియో దీవిలో ఇండోనేసియా భాగం) ప్రాంతాల్లో ఇలాంటి తోటలు సుమారు 25 లక్షల హెక్టార్లు ఉంటాయని పరిశోధకులు అంచనా వేశారు.

అంటే మనం సంప్రదాయం అని పిలుస్తున్న ఈ తోటకు వందేళ్ల వయసు. దాన్ని వేసిన తాత కూడా లెక్క చూసుకునే వేశాడు. అప్పుడు భూమి పుష్కలం, మనుషులు తక్కువ, చేతిలో డబ్బు లేదు. ఆ పరిస్థితికి అడవితోటను మించింది లేదు. మనవడి కాలానికి ఆ మూడూ మారాయి.

ఎకరానికి ఎంత, రోజుకు ఎంత

ఏ పంట లాభమో చెప్పమంటే మనం సాధారణంగా ఎకరం ఆదాయం చూస్తాం. రైతు ఇంకో లెక్క కూడా చూస్తాడు. తను పెట్టిన ఒక రోజు కష్టానికి ఎంత వచ్చిందనేదే ఆ లెక్క. ఈ రెండు లెక్కలూ ఒకే జవాబు ఇవ్వవు. జాంబి కథలో అసలు కీలకం ఇదే.

విషయం తేటపడటానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఇవి లెక్క కోసం అనుకున్నవి మాత్రమే. ఒక హెక్టారు అడవితోటలో, అంటే రెండున్నర ఎకరాల్లో, ఏడాదికి 600 కిలోల రబ్బరు వస్తుందనుకోండి. కిలో 100 రూపాయలు. మొత్తం 60,000. ఎరువు లేదు కాబట్టి ఖర్చు లేనట్టే. కానీ గాట్లు పెట్టడం, పాలు పట్టడం, ముద్దలు మోయడం కలిపి 120 రోజుల పని. రోజుకు 500 రూపాయలు పడింది.

అదే హెక్టారులో ఆయిల్ పామ్ 15 టన్నుల గెలలు ఇస్తుందనుకోండి. కిలో 6 రూపాయల చొప్పున 90,000. అందులో ఎరువులకూ మందులకూ 30,000 పోతే మిగిలేది మళ్లీ 60,000. పని మాత్రం 40 రోజులే. గెలలు కోసేది నెలకు రెండు మూడు సార్లు, మధ్యలో కొంత ఎరువు, కొంత కొమ్మల నరుకుడు. రోజుకు 1,500 పడింది.

హెక్టారు ఆదాయం రెంటిలోనూ ఒక్కటే. రోజు కష్టానికి మాత్రం మూడింతల తేడా వచ్చింది. రబ్బరు ధర రెట్టింపై కిలో 200 అయిందనుకుందాం. అప్పుడు హెక్టారుకు 1,20,000 వస్తుంది, ఆయిల్ పామ్ కంటే రెండింతలు. అయినా రోజుకు 1,000 రూపాయలే, ఆయిల్ పామ్ ఇచ్చే 1,500కి ఇంకా దిగువే. భూమి తక్కువై, ఇంట్లో పనిచేసే చేతులు ఎక్కువగా ఉన్న రైతు ఈ ధరకు రబ్బరు వైపు మొగ్గుతాడు. భూమి ఉండి చేతులు చాలని రైతు ఆయిల్ పామ్ వదలడు.

ఈ చిన్న తేడా మీద చాలా జీవితాలు ఆధారపడ్డాయి. ఏడాదికి 240 రోజులు పనిచేయగల కుటుంబం రెండు హెక్టార్ల అడవితోటను మాత్రమే చూసుకోగలదు, ఆయిల్ పామ్ అయితే ఆరు హెక్టార్లు. ఉన్నది రెండు హెక్టార్లేనా? 160 రోజులు మిగులుతాయి. అంగడి పెట్టుకోవచ్చు, లారీ తోలవచ్చు, పక్క తోటలో కూలికి వెళ్లవచ్చు. జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయం, జాంబి విశ్వవిద్యాలయం, బోగోర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి 2012 నుంచి జాంబిలో చేసిన అధ్యయనాల్లోనూ ఇదే తేలింది. ఆయిల్ పామ్ వేసిన కుటుంబాల తిండి, ఖర్చు మెరుగుపడ్డాయి. అయితే ఆ మెరుగుదలలో పెద్ద భాగం హెక్టారు దిగుబడి వల్ల వచ్చింది కాదు, మిగిలిన పని దినాల వల్ల వచ్చింది.

పని స్వభావం సంగతి కూడా చెప్పాలి. రబ్బరు పాలు తెల్లవారుజామున బాగా కారతాయి. చీకటితో లేవాలి, జలగలున్న బాటల్లో నడవాలి, ఒక్కో చెట్టు దగ్గర ఆగాలి. అడవితోటలో చెట్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి నడకే సగం పని. వాన పడితే ఆ రోజు పోయినట్టే. చదువుకున్న కొడుకు ఈ పని చేయనంటే తప్పు పట్టలేం.

నిరీక్షణకూ వడ్డీ ఉంటుంది

పాతబడిన తోటను ఏం చేయాలన్నప్పుడే ఈ నిర్ణయం ముందుకు వస్తుంది. రబ్బరు చెట్టు ముప్ఫై నలభై ఏళ్ల తర్వాత పాలు తగ్గిస్తుంది. అప్పుడు రైతు ముందు రెండు దారులున్నాయి. మొదటిది, చచ్చిన చెట్టున్న చోట ఏర్పడిన ఖాళీలో కొత్త మొక్క నాటుతూ తోటను కొద్దికొద్దిగా మార్చుకోవడం. జాంబి రైతులు దీన్ని సిసిపాన్ అంటారు. ఆదాయం ఆగదు, పెట్టుబడి అక్కర్లేదు. కానీ నీడలో మొక్క మెల్లగా పెరుగుతుంది, లేత రబ్బరు మొక్కలను అడవిపందులు బతకనివ్వవు. రెండో దారి, మొత్తం నరికి కొత్తగా మొదలుపెట్టడం. నరికాక మళ్లీ అడవితోటే వేస్తే పాలు రావడానికి ఎనిమిది పదేళ్లు. అంటు కట్టిన మేలు రకం రబ్బరును కలుపు తీస్తూ పెంచితే అయిదారేళ్లు. ఆయిల్ పామ్ మూడు నాలుగేళ్లకే కాపుకొస్తుంది.

పదేళ్ల తర్వాత వచ్చే 100 రూపాయల విలువ ఈ రోజు ఎంత? నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే తెలుగు పల్లెల్లో అందరికీ తెలుసు, ఏడాదికి 24 శాతం. ఏటా చక్రవడ్డీ కట్టి చూస్తే, ఆ వడ్డీకి అప్పు తెచ్చుకునే మనిషికి పదేళ్ల తర్వాతి 100 రూపాయలు ఇవాళ్టి 12 రూపాయలతో సమానం. నాలుగేళ్ల తర్వాతి 100 అయితే ఇవాళ్టి 42 రూపాయలు. తక్కువ వడ్డీకి డబ్బు దొరికేవాడికి అడవితోట మంచి ఆస్తి. అప్పుల్లో ఉన్నవాడికి ఆ నిరీక్షణే పెద్ద ఖర్చు. పేద రైతుకు దూరదృష్టి లేదనే మాట తరచూ వింటాం. అతనికి చూపు ఉంది, వడ్డీ దాన్ని కుదించింది.

కాగితం ఎవరి పేరున

ఇంతవరకు చెప్పిన లెక్క రైతు ఇంట్లోది. దాన్ని ఒకవైపు వంచింది ప్రభుత్వం. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఆర్థిక లెక్కలు మాత్రమే చెప్పేవాళ్లు ఈ భాగాన్ని దాటేస్తారు.

సుమత్రా పల్లెల ఆచారం ప్రకారం అడవిని కొట్టి చెట్లు నాటినవాడిదే ఆ భూమి. రాజ్యం అలా చూడలేదు. 1967 అటవీ చట్టం తర్వాత దేశంలో అత్యధిక భాగం ప్రభుత్వ అటవీ భూమిగా లెక్కకెక్కింది. అధికారి పటం మీద, ఉపగ్రహ చిత్రంలో, రబ్బరు అడవితోట అడవిలాగానే కనిపిస్తుంది. అడవి అయితే ప్రభుత్వానిది, ప్రభుత్వానిదైతే కంపెనీకి రాసివ్వవచ్చు. తాత నాటిన దురియన్ చెట్లు సాక్ష్యంగా నిలబడి ఉన్నా వాటిని పట్టాగా ఎవరూ ఒప్పుకోరు. ఈ భయం ఉన్నచోట సాళ్లుగా నాటిన పంటకు ఇంకో విలువ వస్తుంది. ఈ భూమికి యజమాని ఉన్నాడని అది కంటికి కనిపించేలా చెబుతుంది.

1970ల చివరి నుంచి ప్రభుత్వం ఒక పథకం నడిపింది. మధ్యలో కంపెనీ తోట, మిల్లు. చుట్టూ చిన్న రైతుల కమతాలు. 1986 నుంచి దీన్ని జావా నుంచి జనాన్ని తరలించే కార్యక్రమంతో కలిపారు. వచ్చిన కుటుంబానికి రెండు హెక్టార్ల ఆయిల్ పామ్, ఇంటి స్థలం, కొంత తిండి పంటల భూమి. నాటిన ఖర్చు అప్పుగా రాసుకుని, గెలల డబ్బులో కోసుకున్నారు. అప్పు తీరాక భూమి పత్రం చేతికి వచ్చేది. రుణం, మొక్క, రోడ్డు, కొనుగోలుదారు, పట్టా అన్నీ ఒకే మూటగా అందాయి. పక్కనే అడవితోట ఉన్న స్థానిక రైతుకు వీటిలో ఏదీ లేదు. పదేళ్లలో కొత్తగా వచ్చినవాళ్లు ఇటుక ఇళ్లు కట్టుకోవడం అతను చూశాడు.

దీనికి తిరుగు ఉదాహరణ అదే దీవి నైరుతి తీరంలో, లంపుంగ్ రాష్ట్రంలోని క్రుయిలో ఉంది. అక్కడి రైతులు మన గుగ్గిలం చెట్టు కుటుంబానికి చెందిన దమర్ చెట్లను తరతరాలుగా పెంచి జిగురు తీస్తారు. ఆ తోటలను కూడా ప్రభుత్వం అడవి కింద లెక్కగట్టింది. ఊళ్లవాళ్లు, పరిశోధకులు, స్వచ్ఛంద సంస్థలు గట్టిగా వాదించాక 1998 జనవరిలో అటవీ మంత్రి ఉత్తర్వు ఇచ్చి, సుమారు 29,000 హెక్టార్లలో ఆ తోటలపై ఊళ్లవాళ్ల హక్కును, వారసులకు ఇచ్చుకునే హక్కుతో సహా గుర్తించాడు. హక్కు దొరికినంత మాత్రాన తోట నిలుస్తుందని చెప్పలేం. ధరలు అక్కడా ఒత్తిడి తెస్తాయి. కానీ రేపు ఎవరో లాక్కుంటారనే కారణంతో నరికే పని మాత్రం తప్పుతుంది.

మన దక్షిణాదిలోనూ ఇలాంటి ముడి ఉంది. కర్ణాటకలోని కొడగులో కాఫీ తోటలు అడవి చెట్ల నీడలో పెరుగుతాయి. చాలా భూముల్లో పాత పట్టా నిబంధనల ప్రకారం సహజంగా పెరిగిన చెట్టు కలపపై హక్కు ప్రభుత్వానిది, నరకాలంటే అనుమతులు కావాలి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్‌కు ఆ అడ్డంకులు లేవు. దాంతో దేశవాళీ చెట్టు పోయిన చోటల్లా రైతు సిల్వర్ ఓక్ నాటుకుంటూ వచ్చాడు. చెట్టును కాపాడటానికి పెట్టిన నిబంధనే ఆ చెట్టును మళ్లీ నాటకుండా చేసింది.

ధర పడినప్పుడు, పక్కవాడు మారినప్పుడు

2011 ఫిబ్రవరి ప్రాంతంలో ప్రపంచ మార్కెట్టులో కిలో రబ్బరు 5 డాలర్లు దాటింది. 2016 మొదలయ్యేసరికి ఒకటిన్నర డాలరు కంటే దిగువకు వచ్చింది. అంత పతనాన్ని తట్టుకుని అడవితోటకు అంటిపెట్టుకోమని ఎవరు చెప్పగలరు? సగం వాటాకు రబ్బరు పాలు తీసిపెట్టేవాళ్లు ముందుగా వెళ్లిపోయారు. తోట యజమాని ఒంటరి అయ్యాడు.

కానీ ఆయిల్ పామ్ ధర కూడా స్థిరమైనదేమీ కాదు. పైగా ఒక ముఖ్యమైన తేడా ఉంది. రబ్బరు ముద్దను ఇంటి వెనక కొన్నాళ్లు దాచవచ్చు. ధర మరీ పడితే చెట్టుకు గాటు పెట్టడం మానేయవచ్చు, పాలు ఎక్కడికీ పోవు. అడవితోటలో అయితే ఆ ఏడాది దురియన్ కాయవచ్చు, పేము కోయవచ్చు, ఒక కలప చెట్టు అమ్మి పెళ్లి చేయవచ్చు. పామాయిల్ గెల కోసిన ఒకటి రెండు రోజుల్లో మిల్లు చేరాలి, లేకపోతే నూనె నాణ్యత చెడిపోతుంది. ఎరువు ఆపితే దిగుబడి పడుతుంది. ఆదాయం ఎక్కువే, బేరం ఆడే బలం తక్కువ. 2022 ఏప్రిల్ 28న ఇండోనేసియా ప్రభుత్వం దేశంలో వంటనూనె ధర తగ్గించాలని పామాయిల్ ఎగుమతిని నిషేధించింది. మే 23 దాకా నడిచిన ఆ నిషేధంలో మిల్లులు గెలలు కొనడం తగ్గించాయి, చిన్న రైతుల ధర ఒక్కసారిగా కూలింది. ఒకే పంట మీద నిలబడటం అంటే ఏమిటో ఆ నెల చూపించింది.

ఇక పక్కవాడి సంగతి. ఒక ఊళ్లో మొదటి పది మంది మారేటప్పుడు వాళ్లకు ధైర్యం కావాలి. చివరి పది మందికి మారకుండా ఉండటానికి ధైర్యం కావాలి. మిల్లు వచ్చాక రోడ్డు పామాయిల్ లారీ కోసం వేస్తారు. ముద్ద రబ్బరు కొనే దళారి రాకపోకలు తగ్గిస్తాడు. చుట్టూ అడవి తగ్గేకొద్దీ పందులు, కోతులు మిగిలిన తోట మీదే పడతాయి. ఒక్కడు విడిగా అడవితోట నిలుపుకోవడం ఏటేటా ఖరీదవుతుంది.

పోయింది ఎంత, ఎవరిది

జాంబిలో కొలిచిన లెక్కల ప్రకారం చెట్ల జీవరాశి బరువు సహజమైన అడవిలో హెక్టారుకు 380 టన్నుల పైమాట. రబ్బరు అడవితోటలో 150 టన్నులకు దగ్గర. ఆయిల్ పామ్‌లో 50 టన్నుల దగ్గర. అడవితోట అడవికి ప్రత్యామ్నాయం కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. కానీ దానికీ ఆయిల్ పామ్‌కూ మధ్య మూడింతల అంతరం ఉందని కూడా అవే చెబుతున్నాయి. పక్షులు, పురుగులు, మొక్కల రకాల విషయంలోనూ అదే వరస. ఆయిల్ పామ్ చుట్టూ ఉన్న ఊళ్లలో ఎండాకాలం బావులు అడుగంటుతున్నాయని, వానొస్తే వరద ముంచుతోందని జనం చెప్పారు. చెట్ల వరసల మధ్య గట్టిపడిన నేలలోకి నీరు ఇంకకపోవడం దీనికి ఒక కారణమని పరిశోధకులు గుర్తించారు.

ఈ నష్టాల్లో ఏ ఒక్కటీ నరికిన రైతు జమాఖర్చులో కనిపించదు. గాలిలో కలిసిన కర్బనం ప్రపంచానిది, పోయిన పక్షి ఎవరిదీ కాదు, బావి దిగువ ఊరిది. లాభం మాత్రం అతని చేతికొస్తుంది. అతను అడవితోట ఉంచితే ప్రపంచానికి లాభం, ఖర్చు అతనిది. ఇందులో అతని స్వార్థాన్ని వెతికేవాళ్లు, ఆ సేవకు అతనికి మనం ఇంతవరకు ఏమిచ్చామో కూడా చెప్పాలి.

ఊళ్లో కూడా లాభం సమంగా పంచుకోలేదు. భూమి ఉన్నవాడు బాగుపడ్డాడు. సగం వాటాకు గాట్లు పెట్టే భూమిలేనివాడు పని పోగొట్టుకున్నాడు. రబ్బరు తోటలో ఆడవాళ్లూ సమంగా పనిచేసేవాళ్లు. గెలల కోత బరువు పని కావడంతో అది మగవాళ్ల చేతికి వెళ్లింది, దాంతో తోట ఆదాయం మీద ఆడవాళ్ల మాట బలహీనపడింది. బుకిట్ దువాబెలాస్ అడవుల్లో తిరిగే ఒరాంగ్ రింబా జనానికి పేము, పండ్లు, వేట దొరికే నేల కుంచించుకుపోయింది.

రెండు వాదనలు

దిగుబడి పెంచితే తక్కువ నేలతో సరిపోతుంది, మిగతా అడవి బతుకుతుంది అనేది ఒక వాదన. దీన్ని కొట్టిపారేయలేం. సోయా కంటే ఆయిల్ పామ్ హెక్టారుకు చాలా రెట్లు ఎక్కువ నూనె ఇస్తుంది. ప్రపంచానికి ఇంతే నూనె కావాలంటే, పామ్ కాకపోతే మరో పంటకు ఇంకా ఎక్కువ నేల కావాలి. అడవితోటలు ఇంత తక్కువ దిగుబడితో లక్షల హెక్టార్లు పరుచుకోవడం కంటే కొంత నేలలో గట్టిగా పండించి, మిగతాది నిజమైన అడవిగా ఉంచడం మేలని ఈ వాదన చేసేవాళ్లు అంటారు.

దీనికి ఎదురు వాదన పైన వేసిన లెక్కలోనే ఉంది. ఆయిల్ పామ్ ఆదా చేసేది ముఖ్యంగా పని దినాలను. ఆదా అయిన చేతులు ఊరికే ఉండవు, ఇంకో నాలుగు హెక్టార్లు కొట్టి నాటుతాయి. అడవిని కాపాడే వ్యవస్థ బలంగా లేనిచోట ఎక్కువ లాభమిచ్చే పంట అడవిని మిగల్చదు, తింటుంది. జాంబిలో జరిగింది రెండోదే అని నా అభిప్రాయం. అయితే అడవి సరిహద్దు నిజంగా అమలయ్యే చోట మొదటి వాదన నిజం కావచ్చు.

మధ్య దారులు కూడా ప్రయత్నించారు. 1990ల మధ్య నుంచి అంతర్జాతీయ పరిశోధకులు జాంబి, పశ్చిమ కాలిమంతన్ రైతులతో కలిసి అంటు రబ్బరును అడవితోటలో పెంచి చూశారు. సాలు వెంట మాత్రమే కలుపు తీసి, సాళ్ల మధ్య పొదలను వదిలేసినా మంచి దిగుబడి వచ్చింది. మేలైన అంటు మొక్క దొరకడం, దాన్ని పందుల నుంచి కాపాడటం మాత్రం కష్టమైంది. మరో ప్రయోగం ఆయిల్ పామ్ తోటలోనే జరిగింది. జాంబిలోని 140 హెక్టార్ల తోటలో 2013లో 52 చిన్న చెట్ల గుంపులు నాటారు. దురియన్, జెంకోల్, పెతాయ్ వంటి స్థానిక చెట్లవి. పదేళ్ల తర్వాత వెలువడిన ఫలితాల్లో పక్షులు, కీటకాలు, మొక్కల వైవిధ్యం పెరిగింది, మొత్తం తోట మీద నూనె దిగుబడి తగ్గలేదు. వినడానికి ఆనందంగా ఉంది. అయితే రెండు హెక్టార్ల రైతు తన వంతు పామ్ చెట్లు కొన్ని తీసేయడానికి ఎవరు పరిహారం ఇవ్వాలన్నది ఆ ప్రయోగం తేల్చే విషయం కాదు.

2023లో ఐరోపా సమాఖ్య చేసిన చట్టం 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన రబ్బరును, పామాయిల్‌ను, కాఫీని, కోకోను కొననంటుంది. ప్రతి కమతం ఎక్కడుందో చూపించాలి. దాని అమలు వాయిదాలు పడుతూ వచ్చింది. పట్టా లేని అడవితోట రైతుకు ఇందులో కొత్త చిక్కుంది. అడవిని నిలిపిన అతనే కాగితం చూపలేక మార్కెట్టు బయట మిగిలే ప్రమాదం ఉంది.

గోదావరి ఒడ్డున ఇదే పంట

జాంబి కథను తెలుగు నేలకు అలాగే అంటించకూడదు. పశ్చిమ గోదావరి, ఏలూరు, ఖమ్మం, భద్రాద్రి జిల్లాల్లో ఆయిల్ పామ్ ఎక్కువగా వచ్చింది సాగు భూముల్లోకే. వరి, చెరకు, పొగాకు, కొబ్బరి పండిన నేలల్లోకి. ఇక్కడ అడిగేది అడవి గురించి కంటే నీటి గురించి. ఏడాది పొడవునా వానలు కురిసే జాంబిలో నీరు పెట్టనక్కర్లేదు, ఇక్కడ బోరు కావాలి.

కానీ రైతు లెక్క తీరు మాత్రం అదే. కూలీలు దొరకని చోట తక్కువ పని అడిగే పంట గెలుస్తుంది. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆమోదించిన వంటనూనెల జాతీయ మిషన్ మొక్కల సాయాన్ని హెక్టారుకు 12,000 నుంచి 29,000 రూపాయలకు పెంచింది, కాపు రాని తొలి నాలుగేళ్ల పోషణకూ అంతర పంటలకూ డబ్బు ఇస్తుంది. నిరీక్షణ ఖర్చును ప్రభుత్వం భరించడమంటే ఇదే. ఆ సాయం పామ్‌కు ఉంది. మామిడి, పనస, జీడి, కొబ్బరి కలిపి పెంచుకున్న పాత మిశ్రమ తోటను పునరుద్ధరించుకునే ఉద్దానం రైతుకు, 2018లో తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చాక, ఇంతటి ప్రత్యేక మిషన్ ఏదీ లేదు.

ఒకే కొనుగోలుదారు సమస్యా ఉంది. 1993 నాటి ఆంధ్రప్రదేశ్ ఆయిల్ పామ్ చట్టం ప్రకారం ప్రాంతాలను ఫ్యాక్టరీల వారీగా విడదీశారు, తన ప్రాంతం ఫ్యాక్టరీకే రైతు గెలలు ఇవ్వాలి. ధర నిర్ణయించేది మాత్రం సముద్రం అవతలి మార్కెట్టు, ఢిల్లీ సుంకం. 2022లో జకార్తా ఎగుమతులు ఆపినప్పుడు జాంబి రైతు గెల కొనేవాడు లేకపోతే, ఇక్కడ టన్ను గెలల ధర 20,000 రూపాయలు దాటింది. నిషేధం ఎత్తేశాక ఆ ధర నిలవలేదు. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంటనూనెల మీద మౌలిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది, 2025 మే చివర 10 శాతానికి తగ్గించింది. అలా తొమ్మిది నెలల్లో రెండుసార్లు మారిన సుంకాన్ని నమ్ముకుని ఇక్కడి రైతు పాతికేళ్లు నిలిచే చెట్టు నాటుతున్నాడు. గోదావరి జిల్లాల్లో కొందరు ఆ చెట్ల నీడలో కోకో వేసి రెండో ఆదాయం చూసుకుంటున్నారు.